ఎక్స్చేంజ్‌లో పాత ఫోన్ ఇచ్చేస్తుంటే ఆథెంటికేటర్ కోడ్‌లను కొత్త ఫోన్‌కి ఎలా మార్చుకోవాలి?

మీ ప్రశ్న ఇదీ: ఎక్స్చేంజ్ ఆఫర్‌లో కొత్త ఆండ్రాయిడ్ ఫోన్ బుక్ చేశారు, ఎల్లుండి డెలివరీ. పాత ఫోన్‌లో గూగుల్ ఆథెంటికేటర్‌లో (లాగిన్‌కి కోడ్‌లు ఇచ్చే యాప్) 14 అకౌంట్లు ఉన్నాయి. కొత్త ఫోన్ ఆన్ చేయగానే వచ్చే డేటా కాపీతో అవి కూడా వచ్చేస్తాయా, విడిగా ఏమైనా చేయాలా?

విడిగా చేయాలి, అదీ డెలివరీ రోజుకి ముందే చేయాలి. డేటా కాపీతో యాప్ వస్తుంది, తెరిస్తే లోపల ఖాళీ. ఆథెంటికేటర్‌లోనే ఉన్న ఎక్స్‌పోర్ట్ వాడాలి, లేదా గూగుల్ అకౌంట్‌తో సింక్ ఆన్‌లో ఉండాలి. ఏ దారిలో తెచ్చుకున్నా, కొత్త చోట వచ్చిన కోడ్‌తో ఒకసారి నిజంగా లాగిన్ అయి చూశాకే పాత ఫోన్‌ని రీసెట్ చేయాలి.

మీ విషయంలో చిక్కు ఎక్స్చేంజ్ దగ్గరే ఉంది. ఇంటికొచ్చే డెలివరీ అబ్బాయి కొత్త ఫోన్ ఇస్తూనే పాతది అడుగుతాడు. అప్పటికే అది రీసెట్ అయి, గూగుల్ అకౌంట్ తీసేసి ఉండాలి. రెండు ఫోన్లూ మీ చేతిలో కలిసి ఉండేది గుమ్మం దగ్గర అయిదు పది నిమిషాలే. ఆ హడావిడిలో 14 అకౌంట్లు మార్చి సరిచూసుకోవడం అయ్యే పని కాదు. అందుకే ఈ రెండు రోజుల్లో మీ కోడ్‌లు ఇంకో చోట కూడా ఉండేలా చూసుకోండి. ఇంట్లోవాళ్ల ఫోన్ అయితే సరిపోతుంది.

డేటా కాపీతో ఎందుకు రావో తెలిస్తే మిగతాది సులువు. మీరు ఒక సైట్‌లో ఆథెంటికేటర్ పెట్టుకున్నప్పుడు స్కాన్ చేసిన క్యూఆర్‌లో ఒక రహస్య కీ ఉంటుంది. అది సైట్ దగ్గర ఒకటి, మీ ఫోన్‌లో ఒకటి. ఆ కీనీ ఇప్పటి సమయాన్నీ కలిపి లెక్కగడితే వచ్చేదే ఆ 6 అంకెల కోడ్. 30 సెకన్లకోసారి మారుతుంది. 2011లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 6238 ప్రమాణం ఇది, దాదాపు అన్ని ఆథెంటికేటర్ యాప్‌లూ దీన్నే వాడతాయి. ఇంటర్నెట్ అక్కర్లేదు, సిమ్ అక్కర్లేదు, ఆ కీ ఉంటే చాలు. సరిగ్గా అందుకే ఈ తరహా యాప్‌లు తయారుచేసేవాళ్లు కీలను మామూలు బ్యాకప్‌లో పడకుండా ఆపేస్తారు. కొన్ని యాప్‌లు ఆ కీలను ఫోన్ హార్డ్‌వేర్‌కే కట్టేసిన ఇంకో తాళంతో దాస్తాయి. ఫైల్ కాపీ అయినా కొత్త ఫోన్‌లో అది తెరుచుకోదు.

ఇందులోంచే ఇంకో విషయం కూడా తేలుతుంది. కోడ్‌లు "మార్చడం" అంటాం గానీ నిజానికి జరిగేది కాపీ. పాత ఫోన్, కొత్త ఫోన్ రెండూ ఒకే క్షణంలో ఒకే కోడ్ చూపిస్తాయి, సైట్‌కి ఈ తేడా తెలియదు. కాబట్టి ఇంట్లోవాళ్ల ఫోన్‌లో ఒక కాపీ దాచి, అక్కణ్నుంచి కొత్త ఫోన్‌లోకి తెచ్చుకోవడానికి ఏ అడ్డూ లేదు.

ఇక పద్ధతి. ఇంట్లో ఒకరి ఫోన్‌లో గూగుల్ ఆథెంటికేటర్ దించండి. గూగుల్ అకౌంట్ లేకుండా వాడే ఆప్షన్ ఎంచుకోండి, లేకపోతే మీ కోడ్‌లన్నీ వాళ్ల జీమెయిల్‌లోకి సింక్ అవుతాయి. మీ ఫోన్‌లో ఆథెంటికేటర్ తెరిచి పైన ఎడమవైపు మూడు గీతల మెనూ నొక్కి, ట్రాన్స్‌ఫర్ అకౌంట్స్, అందులో ఎక్స్‌పోర్ట్ అకౌంట్స్‌కి వెళ్లండి. ఫోన్ లాక్ అడుగుతుంది. అకౌంట్లన్నీ టిక్ చేసి ముందుకెళ్తే క్యూఆర్ వస్తుంది. రెండో ఫోన్‌లో అదే మెనూలో ఇంపోర్ట్ అకౌంట్స్ నొక్కి స్కాన్ చేయండి.

ఇక్కడ చాలామంది ఒకచోట పొరబడతారు. ఒక క్యూఆర్‌లో 10 అకౌంట్లే పడతాయి. మీకు 14 ఉన్నాయి కాబట్టి రెండు క్యూఆర్‌లు వస్తాయి. మొదటిది స్కాన్ అవగానే అయిపోయిందనుకుని బయటికొస్తే మిగతా 4 ఆ ఫోన్‌లోకి రావు, నెల తర్వాత అవసరం పడ్డప్పుడు గానీ ఆ సంగతి తెలియదు. రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టుకుని వరుసగా లెక్కపెట్టండి. అలాగే ఎక్స్‌పోర్ట్ అయ్యాక ఆ అకౌంట్లను పాత ఫోన్‌లోంచి తీసేయమంటారా అని అడిగితే వద్దనే చెప్పండి.

ఆ క్యూఆర్‌ని వేరే ఫోన్‌తో ఫొటో తీసి దాచుకోవాలనిపిస్తుంది. ఆండ్రాయిడ్‌లో స్క్రీన్‌షాట్ ఎలాగూ తీయనివ్వదు. ఫొటో మాత్రం వద్దు. అందులో మీ కీలన్నీ ఏ పాస్‌వర్డూ లేకుండా ఉంటాయి. గ్యాలరీలో పడితే క్లౌడ్‌లోకి వెళ్తుంది, వాట్సాప్‌లో పంపితే ఇంకెక్కడెక్కడో ఉండిపోతుంది. ఆ బొమ్మ దొరికినవాళ్లకి మీ కోడ్‌లు ఎప్పటికీ దొరికినట్టే.

పరీక్ష. కోడ్ స్క్రీన్ మీద కనిపిస్తోంది కదా అని ఆగిపోవద్దు. కంప్యూటర్‌లో ఇన్‌కాగ్నిటో విండో తెరిచి, రెండో ఫోన్ చూపించే కోడ్‌తో లాగిన్ అవ్వండి. 14 అకౌంట్లకీ చేస్తే మంచిదే. ఓపిక లేకపోతే ఈమెయిల్, డబ్బుకి సంబంధించినవి, ఆఫీసువి, ఈ మూడు రకాలకైనా చేసి తీరాలి. మామూలు విండోలో చేస్తే పాత సెషన్‌తోనే లోపలికి వెళ్లిపోతారు, కోడ్ అడగనే అడగదు, పరీక్ష అయినట్టు కాదు.

కోడ్ తప్పు అంటే ముందు ఆ ఫోన్ గడియారం చూడండి. సమయం ఆటోమేటిక్‌లో ఉండాలి. మామూలుగా సైట్లు ఒక 30 సెకన్లు అటూ ఇటూ ఒప్పుకుంటాయి, నిమిషం, రెండు నిమిషాల తేడా ఉంటే ఒప్పుకోవు. టైమ్ జోన్‌తో సంబంధం లేదు. హైదరాబాద్‌లో ఎక్కి డాలస్‌లో దిగినా కోడ్‌లు పనిచేస్తాయి, ఎందుకంటే లెక్కంతా యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన సమయంలో, జరుగుతుంది. టైమ్ జోన్ మార్చకుండా గడియారం ముళ్లను చేత్తో తిప్పుకున్నవాళ్లకే ఇబ్బంది. సమయం సరిగ్గానే ఉండి కోడ్ తప్పు అంటుంటే, ఒకే సైట్ పేరుతో రెండు ఎంట్రీలు ఉన్నాయేమో చూడండి. గతంలో ఎప్పుడో 2ఎఫ్‌ఏ (పాస్‌వర్డ్‌తోపాటు కోడ్ కూడా అడిగే రెండంచెల లాగిన్) తీసేసి మళ్లీ పెట్టుకుని ఉంటారు, పాతది అలాగే ఉండిపోయి ఉంటుంది.

సింక్ సంగతి. 2023 ఏప్రిల్ నుంచి గూగుల్ ఆథెంటికేటర్ కోడ్‌లను గూగుల్ అకౌంట్‌లో దాచుకోవచ్చు. యాప్ పైభాగంలో మీ ప్రొఫైల్ బొమ్మ, ఆకుపచ్చ మేఘం గుర్తు ఉంటే సింక్ అవుతున్నట్టే. కొత్త ఫోన్‌లో అదే అకౌంట్‌తో లాగిన్ అయితే వచ్చేస్తాయి. సౌకర్యం ఎక్కువే, అయితే రెండు చూసుకోండి.

మొదటిది, సింక్ అవుతున్నది ఏ జీమెయిల్‌లోకి? ఆఫీసు అకౌంట్‌లోకి అయితే, ఉద్యోగం మారిన రోజు మీ సొంత కోడ్‌లు కూడా దానితోపాటే పోతాయి.

రెండోది ఇంకా ముఖ్యం. ఆ గూగుల్ అకౌంట్‌కి పెట్టుకున్న 2ఎఫ్‌ఏ కోడ్ కూడా ఇదే ఆథెంటికేటర్‌లో ఉంటే, కొత్త ఫోన్‌లో గూగుల్‌లోకి వెళ్లడానికి కోడ్ కావాలి, కోడ్ కావాలంటే గూగుల్‌లోకి వెళ్లాలి. బీరువా తాళం బీరువాలో పెట్టి మూసినట్టు అవుతుంది. దీనికి విరుగుడు గూగుల్ ఇచ్చే బ్యాకప్ కోడ్‌లు. అకౌంట్ సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ, టూ స్టెప్ వెరిఫికేషన్, బ్యాకప్ కోడ్స్‌కి వెళ్తే 8 అంకెల కోడ్‌లు 10 ఇస్తుంది. ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. కొత్త సెట్ తీసుకుంటే పాత సెట్ మొత్తం చెల్లదు. అందుకే ఎప్పుడో ప్రింట్ తీసిన కాగితం ఉందని నమ్ముకోకండి, అది ఇప్పటి సెట్టేనా చూసుకోండి. ఈ కోడ్‌లు కాగితం మీద ఉండాలి. ఫోన్ నోట్స్‌లో రాసుకుంటే ఫోన్‌తోనే పోతాయి.

ఇతర సైట్లలో కూడా ఇలాంటి కోడ్‌లుంటాయి, ఈ రెండు రోజుల్లో దించుకోండి. ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌హబ్‌లో 16 ఇస్తారు, అక్కడ వాటిని రికవరీ కోడ్‌లు అంటారు. అక్కడ ఆథెంటికేటరూ రికవరీ కోడ్‌లూ రెండూ పోతే అకౌంట్ తిరిగి ఇప్పించలేమని వాళ్ల సపోర్ట్ ముందే చెబుతుంది. ప్రోగ్రామింగ్ ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. స్టాక్ బ్రోకర్ల దగ్గర పరిస్థితి కాస్త నయం, రిజిస్టరైన మొబైల్, ఈమెయిల్ ఓటీపీలతో సాధారణంగా రీసెట్ అవుతుంది. క్రిప్టో ఎక్స్చేంజ్‌లు చాలావరకు 2ఎఫ్‌ఏ రీసెట్ చేశాక కొంతకాలం డబ్బు బయటికి తీయనివ్వవు.

కొన్ని సైట్లు సెటప్ సమయంలో క్యూఆర్ పక్కనే ఆ కీని అక్షరాల్లో కూడా చూపిస్తాయి. దాన్ని కాగితం మీద రాసిపెట్టుకుంటే ఎప్పుడైనా, ఏ యాప్‌లోనైనా టైప్ చేసి కోడ్ తెచ్చుకోవచ్చు. అందులో ఇంగ్లీషు అక్షరాలూ, 2 నుంచి 7 వరకు అంకెలే వస్తాయి. 0, 1, 8, 9 ఉండవు. మీ చేతిరాతలో సున్నాలా కనిపిస్తే అది ఓ అక్షరం, 8లా కనిపిస్తే బీ. రాసుకున్న కీ పనిచేయడం లేదు అనే కేసుల్లో తరచూ బయటపడేది ఇదే.

గూగుల్‌ది కాక వేరే యాప్ ఉంటే పద్ధతి మారుతుంది.

మైక్రోసాఫ్ట్ ఆథెంటికేటర్‌కి సొంత బ్యాకప్ ఉంది, కానీ ఆండ్రాయిడ్‌లో తీసింది ఐఫోన్‌లో తెరుచుకోదు, అటుది ఇటు రాదు. ఆఫీసు అకౌంట్లు అయితే బ్యాకప్‌లో పేరు మాత్రమే వస్తుంది, మళ్లీ సైన్ ఇన్ అవమంటుంది. అందుకని ఆఫీసు అకౌంట్‌ని బ్యాకప్‌కి వదిలేయకుండా, పాత ఫోన్ పనిచేస్తుండగానే కంప్యూటర్‌లో సెక్యూరిటీ ఇన్ఫో పేజీకి వెళ్లి కొత్త ఫోన్‌ని ఇంకో సైన్ ఇన్ పద్ధతిగా చేర్చండి. పాత ఫోన్‌లో స్క్రీన్ మీది రెండంకెల సంఖ్య టైప్ చేసి ఆమోదించాలి. అది అయ్యాక పాత ఫోన్‌ని జాబితాలోంచి తీసేయండి. మీలా రెండు ఫోన్లూ కలిసి ఉండని పరిస్థితి అయితే, ఆ పేజీలో ముందుగా ఇంకో పద్ధతి, కనీసం ఫోన్ నంబర్, చేర్చి పెట్టుకోండి. లేకపోతే ఐటీ హెల్ప్‌డెస్క్ చేతిలో పడతారు, శనివారం డెలివరీ అయితే సోమవారం దాకా ఆగాలి.

ఆథీ అనే యాప్‌లో ఎక్స్‌పోర్ట్ అనేదే లేదు. బ్యాకప్ ఆన్ చేసి, మల్టీ డివైస్ అనుమతించి, కొత్త ఫోన్‌లో అదే నంబర్‌తో నమోదు చేసుకోవాలి. బ్యాకప్ పాస్‌వర్డ్ మర్చిపోతే కంపెనీ కూడా తెరవలేదు. ఇప్పుడే ఆ పాస్‌వర్డ్ గుర్తుందో లేదో చూసుకోండి. వాళ్ల డెస్క్‌టాప్ యాప్ 2024 మార్చిలో ఆగిపోయింది, కాబట్టి ల్యాప్‌టాప్‌లో ఉందిలే అనే ధీమా కూడా పోయింది.

నా సలహా అడిగితే, ఎలాగూ మారుస్తున్నారు కాబట్టి ఆండ్రాయిడ్‌లో ఏజిస్ అనే ఆథెంటికేటర్ యాప్ చూడండి. పాస్‌వర్డ్‌తో తాళం వేసిన ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ ఇస్తుంది, పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవచ్చు, గూగుల్ ఆథెంటికేటర్ ఎక్స్‌పోర్ట్ క్యూఆర్‌ని నేరుగా చదువుతుంది. ఆండ్రాయిడూ ఐఫోనూ రెండూ వాడే ఇంట్లో ఎంటే ఆథ్ అనే యాప్ బాగుంటుంది. ఐఫోన్ ఒక్కటే అయితే ఆపిల్ పాస్‌వర్డ్స్‌లోనే కోడ్‌లు పెట్టుకోవచ్చు, ఐక్లౌడ్‌తో కొత్త ఐఫోన్‌కి వచ్చేస్తాయి.

అమెరికాలో చదువుకుంటున్న పిల్లలకి యూనివర్సిటీ లాగిన్ తరచూ డ్యుయో మొబైల్ అనే ఆథెంటికేటర్ యాప్‌తో ఉంటుంది. సెలవులకి ఇంటికొచ్చి ఇక్కడ కొత్త ఫోన్ కొని పాతది తమ్ముడికి ఇచ్చేయడం మామూలే. డ్యుయోలో యూనివర్సిటీ అకౌంట్ కొత్త ఫోన్‌లో తిరిగి యాక్టివేట్ కావాలి, దానికి చాలా చోట్ల అక్కడి ఫోన్ నంబర్‌కి మెసేజ్ రావాలి. ఆ సిమ్ ఇక్కడ పనిచేయకపోతే క్యాంపస్ ఐటీకి ఫోన్ చేయడమే. పాత ఫోన్ రీసెట్ చేయకుండా తిరిగి వెళ్లేదాకా ఉంచుకోమని చెప్పండి.

సిమ్‌తో నడిచేవి ఆథెంటికేటర్‌లో ఉండవు, కానీ అదే రోజు మీ మీద పడతాయి. యూపీఐ యాప్‌లు, బ్యాంకు యాప్‌లు కొత్త ఫోన్‌లో మీ సిమ్ నుంచి ఒక మెసేజ్ పంపి ఫోన్‌ని ముడివేసుకుంటాయి. సిమ్ కొత్త ఫోన్‌లో ఉండాలి, ఔట్‌గోయింగ్ మెసేజ్ వెళ్లేలా రీచార్జ్ ఉండాలి, రెండు సిమ్‌లుంటే సరైనది ఎంచుకోవాలి. యూపీఐ పిన్ మారదు. కొత్త ఫోన్‌లో తొలి 24 గంటలు పంపే మొత్తానికి పరిమితి పెడతారు, సాధారణంగా 5,000 రూపాయలు. ఆ రోజు అద్దె కట్టాలనో ఫీజు కట్టాలనో ఉంటే ముందే కట్టేయండి.

ఇంకో మాట. కొత్త ఫోన్‌తోపాటు ఈ-సిమ్‌కి మారదామనుకుంటే అదే రోజు మారకండి. సిమ్ మార్చాక 24 గంటలపాటు మెసేజ్‌లు రావు, పోవు. సిమ్ స్వాప్ మోసాలను ఆపడానికి టెలికాం శాఖ 2022 నవంబర్‌లో పెట్టించిన నిబంధన ఇది. ఆ రోజంతా ఒక్క బ్యాంకు ఓటీపీ కూడా అందదు, ఫోన్ పాడైందేమో అనుకుని మళ్లీ రీసెట్ చేసేవాళ్లు కూడా ఉన్నారు.

వాట్సాప్‌లో పెట్టుకున్న 6 అంకెల టూ స్టెప్ పిన్ కూడా కొత్త ఫోన్‌లో అడుగుతుంది. అది ఓటీపీ కాదు, మీరే పెట్టుకున్నది. మర్చిపోయి ఉంటే, రికవరీ ఈమెయిల్ కూడా ఇవ్వకపోతే 7 రోజులు ఆగాలి. పాత ఫోన్‌లో ఉండగానే సెట్టింగ్స్‌లో కొత్త పిన్ పెట్టుకోవచ్చు.

వ్యాపారం ఉన్నవాళ్లకి: ఈ-వే బిల్, ఈ-ఇన్‌వాయిస్ పోర్టల్స్‌లో 2025 ఏప్రిల్ 1 నుంచి అందరికీ 2ఎఫ్‌ఏ తప్పనిసరి. ఎస్సెమ్మెస్ బదులు ఎన్‌ఐసీ జీఎస్‌టీ షీల్డ్ యాప్ వాడుతుంటే, దాన్ని ఆ పోర్టల్ నుంచే దించుకుని రిజిస్టరైన నంబర్‌తో మళ్లీ నమోదు చేసుకోవాలి. లారీ లోడ్ అయి నిలబడి ఉండగా ఈ పని పెట్టుకోవద్దు.

పాత ఫోన్ ముందే పాడైపోయి ఉంటే ఏం చేయాలని మీలాగే ఇంకొందరు అడుగుతారు. టచ్ పోయి బొమ్మ కనిపిస్తుంటే ఓటీజీ అడాప్టర్‌తో యూఎస్‌బీ మౌస్ పెట్టి ఎక్స్‌పోర్ట్ చేయవచ్చు. డిస్‌ప్లే పూర్తిగా పోతే డిస్‌ప్లే మార్పించండి, డేటా పోదు. రీసెట్ చేయొద్దని షాపులో గట్టిగా చెప్పండి. ఫోన్ దొరకకుండా పోతే, ఇప్పటికే లాగిన్ అయి ఉన్న ల్యాప్‌టాప్‌లో ఎక్కడా లాగౌట్ కాకండి, బ్రౌజర్ కుకీలు చెరపకండి. ఆ సెషన్‌లోంచే చాలా సైట్లలో కొత్త ఫోన్‌ని చేర్చవచ్చు. పోయిన ఫోన్ విషయంలో సింక్‌తో కోడ్‌లు తిరిగొచ్చాయని ఊరుకోకూడదు. పాత కీ ఆ ఫోన్‌లో ఇంకా ఉంది. ప్రతి సైట్‌లో ఆథెంటికేటర్ మార్చి కొత్త కీ తీసుకోవాలి. కొత్త కోడ్ ఎక్కించి సైట్ ఒప్పుకునేదాకా ఆ పేజీ మూయకండి, అప్పటిదాకా పాత కీయే చెల్లుతుంది.

మీ ఎక్స్చేంజ్‌కి వద్దాం. రేపు సాయంత్రానికల్లా ఇంట్లోవాళ్ల ఫోన్‌లో 14 ఉన్నాయని, కోడ్‌లు లాగిన్‌లో చెల్లుతున్నాయని చూసుకోండి. గూగుల్ బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద ఉండాలి. ఎల్లుండి డెలివరీ అబ్బాయి వస్తున్నానని కాల్ చేశాక మాత్రమే పాత ఫోన్ సెట్టింగ్స్‌లోంచి గూగుల్ అకౌంట్ తీసేసి, తర్వాత ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. అకౌంట్ తీయకుండా రికవరీ మోడ్‌లో రీసెట్ చేస్తే ఫోన్ మళ్లీ పాత జీమెయిల్ అడుగుతుంది, ఎక్స్చేంజ్‌కి తీసుకోరు. సిమ్, మెమరీ కార్డు తీయడం మర్చిపోకండి. డెలివరీ వాయిదా పడితే పాత ఫోన్ ఇంకా మీ చేతిలో పనిచేస్తూ ఉంటుంది, అందుకే ముందురోజు రాత్రే రీసెట్ చేసి పెట్టుకోవద్దంటున్నాను.

కొత్త ఫోన్‌లో ఆథెంటికేటర్ దించి, ఇంట్లోవాళ్ల ఫోన్‌లోంచి అదే పద్ధతిలో ఎక్స్‌పోర్ట్ చేసి తెచ్చుకోండి, మళ్లీ రెండు క్యూఆర్‌లు వస్తాయి. వారం పది రోజులు వాడి అన్నీ సవ్యంగా ఉన్నాయనుకున్నాక వాళ్ల ఫోన్‌లోని కాపీ చెరిపేయండి. చెరిపేటప్పుడు తీస్తున్నది మీ ఎంట్రీలేనా చూసుకోండి, వాళ్లకీ అందులో సొంత కోడ్‌లు ఉండొచ్చు.